కారు ఎడమకి లాగుతుంటే ఎవరిని నిలదీయాలి?

ప్రశ్న: మాది కేజీఎఫ్, రాబర్ట్‌సన్‌పేట. ఎనిమిది లక్షలు పెట్టి కొత్త కారు తీసుకొని ఏడు నెలలైంది. మొదటి నెల నుంచే ఎడం పక్కకి లాగతా ఉంది. బెంగళూరులో కొన్న షోరూముకి నాలుగుసార్లు తీసుకుపోయినాను. ప్రతిసారీ అలైన్‌మెంట్ చేసి పంపిస్తారు. ఆ రోజుకి బాగున్నట్టే ఉంటుంది, హైవే ఎక్కితే మళ్లీ అదే కత. ఇప్పుడేమో 'రోడ్డు వాలు సార్, కారులో ఏమీ లేదు' అంటా ఉండారు. కారు మార్చి ఇమ్మని అడగొచ్చా? కేసు బెంగళూరులోనే వేయాలా?

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. బెంగళూరు పోనక్కర్లేదు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుడు కాపురం ఉన్న చోటో, పనిచేసుకునే చోటో కేసు వేసుకోవచ్చు. షోరూము బెంగళూరులో ఉన్నా, ఫ్యాక్టరీ వేరే రాష్ట్రంలో ఉన్నా, కోలార్ జిల్లా వినియోగదారుల కమిషన్ మీ ఫిర్యాదు వింటుంది.

కారు మార్చి ఇమ్మని అడగనూ వచ్చు. గెలవడం మాత్రం ఒకే ఒక్క సంగతి మీద ఆధారపడుతుంది: కారు ఎందుకు లాగుతోందో మీ దగ్గర కాగితం మీద ఉందా? జ్వరం అనగానే డాక్టరు మందు రాసేయడు, ఏ జ్వరమో చూస్తాడు. లాగడమూ అంతే. కారణాన్ని బట్టి మీరు నిలదీయాల్సిన మనిషి మారతాడు. అందుకే ముందు మెకానిక్ పక్కన కాసేపు కూర్చుందాం.

రోడ్డు: షోరూము వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. వాన నీళ్లు నిలవకుండా రోడ్డును అంచుకి వాలుగా వేస్తారు. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి కారు కొద్దిగా ఎడమకి జరగడం మామూలే. చదునైన, ఖాళీ రోడ్డు మీద, ఈదురుగాలి లేని పూట, 40-50 కి.మీ. వేగంలో పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూడండి. స్టీరింగ్ మీద పట్టు వదులు చేయండి, చేతులు తీయకండి. రెండు దిక్కుల్లోనూ ఎడమకే లాగిందంటే తప్పు రోడ్డుది కాదు.

టైరు: కారు నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. డ్రైవరు డోరు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉన్న అంకెతో పోల్చండి. ఆ తరువాత ముందు చక్రాలు రెంటినీ కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్పించండి. ఒకే దిక్కున తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లయితే మాత్రం ఈ పని వద్దు. మార్చాక లాగుడు కుడికి తిరిగితే దోషం టైరుదే. చాలా కార్ల వారంటీలో టైర్లు ఉండవు, వాటికి టైరు కంపెనీ వారంటీ వేరే ఉంటుంది. అప్పుడు ఫిర్యాదులో ఆ కంపెనీనీ చేర్చాలి.

బ్రేకు: పది కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకండి. ఒక చక్రం మాత్రం కాగిన పెనంలా ఉంటే అక్కడ బ్రేకు క్యాలిపర్ పట్టేసినట్టు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగినా చూడాల్సింది బ్రేకులనే. ఒక పక్కకి లాగకుండా కారు నిలకడ లేక అటూ ఇటూ తూగుతుంటే అది వేరే జబ్బు. టై రాడ్, బాల్ జాయింట్, బుష్, చక్రం బేరింగ్ చూడాలి. పాత బండిలో ఇవి అరుగుదల కింద పోతాయి. ఏడు నెలల కారులో పోకూడదు.

ఇక మీ కేసుకి ఆయువుపట్టు అలైన్‌మెంట్. అందులో మూడు కొలతలు ముఖ్యం. టో అంటే ముందు చక్రాల ముక్కులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా, ఎడంగా ఉన్నాయా అన్నది. కాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం. క్యాస్టర్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకి మళ్లే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం. చాలా చిన్న కార్లలో మెకానిక్ తిప్పి సరిచేయగలిగేది టో ఒక్కటే. కానీ టో తప్పితే ముఖ్యంగా టైరు అరుగుతుంది, స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. ఒకే పక్కకి లాగడం ఎక్కువగా కుడి ఎడమల కాంబర్, క్యాస్టర్ తేడాల వల్ల వస్తుంది. నాలుగుసార్లు 'అలైన్‌మెంట్ చేశాం' అన్నారంటే నాలుగుసార్లూ టో మాత్రమే తిప్పి ఉండవచ్చు.

అలైన్‌మెంట్ మిషన్ ప్రతిసారీ ఒక ప్రింటౌటు ఇస్తుంది. చేయకముందు అంకెలు, చేసిన తరువాత అంకెలు, కంపెనీ చెప్పిన హద్దులు అందులో ఉంటాయి. హద్దు దాటినవి సాధారణంగా ఎర్రగా పడతాయి. చేసిన తరువాత కూడా ఎడమ కాంబరో క్యాస్టరో ఎర్రగానే ఉంటే, ఏదో భాగం వంగినట్టు, లేదా బిగింపులోనే తేడా ఉన్నట్టు. కారు ఎక్కడా గుద్దుకోకపోతే వేలు కంపెనీ వైపు తిరుగుతుంది. గుంతలో గట్టిగా పడి ఉంటే, డివైడర్‌కి తగిలి ఉంటే ఆ సంగతి దాచకండి. పరీక్షలో వంగిన సస్పెన్షన్ ఆర్మ్ బయటపడితే మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు. అలాంటి నష్టానికి దారి ఇన్సూరెన్స్.

జాబ్ కార్డు కూడా అంతే ముఖ్యం. కస్టమర్ చెప్పిన కంప్లయింటు గడిలో సూపర్‌వైజరు 'జనరల్ చెకప్' అని గీకేస్తాడు. ఒప్పుకోకండి. 'చదును రోడ్డు మీద, 50 కి.మీ. వేగంలో, బ్రేకు వేయకుండానే ఎడమకి లాగుతోంది' అని, మీటరు రీడింగుతో సహా రాయించండి. తీసుకునేటప్పుడు టెస్ట్ డ్రైవ్ చేయకుండా 'తృప్తిగా ఉంది' అన్న చోట సంతకం పెట్టకండి. లాగుతూనే ఉంటే సంతకం పక్కనే 'సమస్య తీరలేదు' అని రాసి ఫోటో తీసుకోండి.

ఇదంతా ఎందుకంటే కోర్టులు అడిగేది ఇదే. వారంటీ కింద లోపమున్న భాగాన్ని మారిస్తే చాలు, ప్రతి లోపానికీ మొత్తం కారు మార్చమనలేమని 2006లో మారుతి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. 2010లో ఫియట్ కేసులో స్వతంత్ర నిపుణుడు తయారీ లోపం ఉందని తేలిస్తే కారు ధర, లైఫ్ టాక్స్ వడ్డీతో సహా వాపసు ఇవ్వాలంది. నిపుణుడు లేకపోయినా ఆశ ఉంది. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని హ్యుందయ్ కారు విషయంలో 2022లో అదే కోర్టు కొనుగోలుదారు పక్షాన తీర్పిచ్చింది. లోపం కళ్లకు కట్టినట్టు ఉన్నప్పుడు కొన్నవాడు భౌతికశాస్త్ర నిపుణుడై ఉండనక్కర్లేదు. కానీ లాగుడు ఎయిర్‌బ్యాగులా కళ్లకు కట్టేది కాదు. అందుకే అంకెలు కావాలి. ఇంకొకటి: డీలరు తప్పుకి కంపెనీ దానంతటదే బాధ్యురాలు కాదని 2021లో టాటా మోటార్స్ కేసులో తేలింది. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, ఎవరి తప్పు ఏమిటో విడివిడిగా రాయండి.

ముందు ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కదలిక లేకపోతే కమిషన్‌కి వెళ్లండి. 50 లక్షల లోపు చెల్లించి కొన్నవన్నీ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. ఐదు లక్షల దాకా ఫీజు లేదు. మీ ఎనిమిది లక్షల కారుకి రూ. 200. వకీలు తప్పనిసరి కాదు. అవతలివాళ్లకి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, అడిగితే ఇంకో 15 రోజులు. పరీక్ష అవసరమైతే కమిషనే కారును నిపుణులకి పంపగలదు, ఆ ఖర్చు మొదట మీరు కట్టాలి. పరీక్ష లేని కేసును మూడు నెలల్లో, ఉన్నదాన్ని ఐదు నెలల్లో తేల్చాలన్నది చట్టం మాట, ఆచరణలో ఇంకా పట్టొచ్చు. ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. మొదటి జాబ్ కార్డు తేదీ నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో బెంగళూరులోని రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు.

మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థను అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. కోలార్ మార్కెట్‌కి టమాటా తోలుకునే చిన్న వ్యాను యజమానులకీ ఒక మాట. 'వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కావు' అని ఎవరైనా అంటే బెదరకండి. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న బండికి ఈ చట్టం వర్తిస్తుంది. ఇలాంటి లోపం ఒకే మోడల్‌లో చాలామందికి ఉంటే, ఏడేళ్ల లోపు బండ్లకి మోటారు వాహనాల చట్టం 110-ఎ సెక్షన్ కింద రీకాల్ దారి కూడా ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది.

ఐదోసారి షోరూముకి వెళ్లండి. ఈసారి అలైన్‌మెంట్ చేయమని అడగొద్దు. కాంబర్, క్యాస్టర్ అంకెలు చేయకముందు, చేసిన తరువాత ప్రింటు తీసి ఇమ్మని అడగండి. ఇస్తే మీకు సాక్ష్యం దొరికినట్టు. ఇవ్వనంటే, ఇవ్వలేదని జాబ్ కార్డు మీద రాసి రండి. రేపు కమిషన్ ముందు అదీ సాక్ష్యమే.