చదవడం నేర్పేటప్పుడు: పల్నాటి ఇళ్లకు కొన్ని చిట్కాలు

ఒకే ఇంట్లో అక్క గడగడా చదివేస్తుంది. తమ్ముడు మూడో తరగతికొచ్చినా గుణింతాల దగ్గరే తడబడతాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే పాఠం చెబితే ఒకరికి విసుగు, ఒకరికి భయం. ఎవరికి తగ్గట్టు వారికి నేర్పడం ఇంట్లో ఉన్నవాటితోనే సాధ్యం.

1. ముందు పిల్లలు ఎక్కడున్నారో చూడండి. 2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన అసర్ సర్వేలో అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు తేలిక వాక్యాలు, ఒక కథ చదివిస్తారు. అదే మీరూ చేయండి. వాక్యాలతో మొదలుపెట్టి, రాకపోతే పదాలకు, అవీ రాకపోతే అక్షరాలకు దిగండి. అక్షరాలు వరసలో రాయకండి. అఆలు పాటలా అప్పజెప్పే పిల్లలు విడిగా ‘ఈ’ చూపిస్తే తెల్లబోవడం మామూలే. తరగతి ఏదైనా సరే, ఆగిన చోటు నుంచే నేర్పాలి.

2. ఇంట్లో నాపరాళ్ల గచ్చు ఉంటే అదే పెద్ద పలక. ఒక్కో బండ మీద సుద్దముక్కతో ఒక్కో అక్షరం రాయండి. మీరు పలికిన అక్షరం మీదికి చిన్నవాడు గెంతాలి. పెద్దది మూడు బండలు తొక్కి ‘పలక’, ‘పడవ’, ‘గడప’ కూర్చాలి. నడవలేని పిల్లలుంటే చింతగింజ విసిరి చూపమనండి.

3. వ-మ, ప-ష, న-స లాంటి పోలిక ఉన్న అక్షరాలను ఒకే రోజు చెప్పొద్దు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. అయినా తికమకపడితే పళ్లెంలో ముగ్గుపిండి పరిచి, పైకి పలుకుతూ వేలితో దిద్దించండి.

4. బస్సు బోర్డులకు మించిన వాచకం లేదని నా నమ్మకం. ‘గురజాల’, ‘నరసరావుపేట’ తీసుకోండి. రెండోది పొడుగ్గా కనిపిస్తుంది కానీ ఒత్తు లేదు, సున్న లేదు. గుణింతం వచ్చినవాళ్లు చదివేస్తారు. తర్వాత సున్న ఉన్నవి: ‘వినుకొండ’, ‘కారంపూడి’, ‘రెంటచింతల’. ఆ తర్వాత ఒత్తులు: ‘దుర్గి’, ‘మాచర్ల’, ‘దాచేపల్లి’, ‘పిడుగురాళ్ల’. ఒకే బస్టాండులో తమ్ముడికి గురజాల, అక్కకు పిడుగురాళ్ల! తెలిసిన ఊళ్లే కాబట్టి సగం చూసి మిగతాది ఊహించేస్తారు. ఊహించడం తప్పేమీ కాదు, కాకపోతే చివరి అక్షరం దాకా చూపుడు వేలు నడిపించమనండి.

5. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు సుగాలి తండాల్లో ఇంటి మాట తెలుగు కాదు. అర్థం తెలియని పదాన్ని కూడబలుక్కుని చదివితే ఏం మిగులుతుంది? బొమ్మ చూసి ముందు తమ మాటలో చెప్పనివ్వండి. తర్వాత తెలుగు మాట, ఆ తర్వాతే అక్షరాలు. ఈ పిల్లలు మందబుద్ధులని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాళ్లు ఒకేసారి రెండు భాషలు నేర్చుకుంటున్నారు.

6. తడబడగానే అందించేయకండి, కాసేపు ఆగండి. ‘అక్కను చూసి నేర్చుకో’ అనే మాట అసలు వద్దు.

7. పుస్తకం ముక్కుకు ఆనించుకుంటుంటే కంటి పరీక్ష చేయించండి. వెనక నుంచి పిలిస్తే పలక్కపోతే చెవులు చూపించండి. రెండూ బాగుండి, మాటల్లో చురుగ్గా ఉండి, చదువు మాత్రం ఏళ్ల తరబడి కదలకపోతే అది డిస్లెక్సియా కావచ్చు. బద్ధకమని కొట్టొద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్నీ వైకల్యంగా గుర్తించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, బడిలో అడిగితే దారి చెబుతారు. చూపు లేని పిల్లలకు తెలుగు బ్రెయిలీ ఉంది. ఆరు చుక్కల అమరికలోనే మన అక్షరాలన్నీ పడతాయి.

8. మిరప కోతలప్పుడు పిల్లలను చేలకు తీసుకెళ్తే నేర్చుకున్నది చేజారిపోతుంది. అందులోనూ ముందు నష్టపోయేది ఇప్పుడిప్పుడే పదాలు కూడబలుక్కుంటున్నవాళ్లు. ఆ నెలల్లో నాయనమ్మ దగ్గరో, పక్కింట్లోనో ఉంచైనా సరే, బడి మాన్పించకండి.