మత్తు మానడం శీలం, మరి మత్తుకు జైలు ధమ్మమేనా?



ఈ పాఠం ఐదో శీలం గురించి. ప్రతి వందనంలో పంచశీల చెప్పుకుంటాం. మత్తు పదార్థాలకు దూరంగా ఉంటామన్నది అందులో ఐదోది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ ఈ మాట ఉంది. కాబట్టి మత్తు తీసుకోవచ్చా అన్నది మనకు చర్చే కాదు. తీసుకోకూడదు, అంతే.

అయితే ఇప్పుడు చాలా దేశాల్లో ఇంకో చర్చ నడుస్తోంది. హెరాయిన్, కొకైన్ లాంటివి సొంతానికి కొద్దిగా వాడి దొరికినవాణ్ణి నేరస్తుడిగా చూడాలా, రోగిగా చూడాలా? మనవాళ్లలో కొందరు "శీలం తప్పినవాణ్ణి లోపల వేయాల్సిందే" అంటారు. ఈ మాట ధమ్మానికి నిలుస్తుందా అని చూద్దాం.

1. శీలం వేరు, శిక్ష వేరు

శీలం ఎవరికి వాళ్లు ఇచ్చుకునే మాట. పోలీసుకు భయపడి పాటించేది కాదు. పాళీలో "పమాద" అంటే ఏమరుపాటు. మన తెలుగులో "ప్రమాదం" అంటే ఆపద. ఏమరుపాటే చివరికి ఆపద అవుతుంది గదా! మత్తులో ఎరుక పోతుంది. ఎరుక పోయాక మిగతా నాలుగు శీలాలూ నిలబడవు. ఐదో శీలానికి కారణం ఇదే.

నియమం వేరు, సూత్రం వేరని బాబాసాహెబ్ 1936 నాటి "కుల నిర్మూలన"లో వివరించారు. నియమం చెప్పినట్టు చేయిస్తుంది. సూత్రం ఆలోచింపజేసి మనిషిని బాధ్యుణ్ణి చేస్తుంది. మన శీలం సూత్రం. దాన్ని జైలు తాళంతో కాపాడలేం.

2. రాజుకు పురోహితుడు చెప్పిన సలహా

దీఘ నికాయంలో కూటదంత సుత్తం ఉంది. రాజ్యంలో దోపిడీలు ఎక్కువైనప్పుడు పురోహితుడు రాజుకు చెప్పిన సలహా బుద్ధుడు అందులో వివరిస్తాడు. చంపితే, బంధిస్తే ఇది ఆగదు, మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెడతారు. రైతుకు విత్తనం ఇవ్వు, వ్యాపారికి పెట్టుబడి ఇవ్వు, కొలువులో ఉన్నవాడికి కూలీ ఇవ్వు. రాజు అలాగే చేశాడు, రాజ్యం కుదుటపడింది.

దోపిడీ ఇతరులకు హాని చేసే నేరం. దానికే కారణం వెతకమన్న ధమ్మం, తన ఒంటిని తానే పాడుచేసుకునేవాడి విషయంలో కారణం వెతకొద్దంటుందా?

3. రెండు చోట్ల ఏం జరిగింది

పోర్చుగల్‌లో 1990లలో హెరాయిన్ ఊళ్లను తినేసింది. 2001 జులై నుంచి అక్కడ పది రోజుల వాడకానికి మించని మందు దగ్గర పెట్టుకోవడం నేరం కాదు. కానీ తప్పే. దొరికినవాణ్ణి కోర్టుకు కాకుండా ఒక కమిషన్ ముందుకు పంపుతారు. వాళ్లు మాట్లాడి చికిత్సకు దారి చూపిస్తారు. అమ్మేవాడికి మాత్రం జైలే. సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్లలో కొత్తగా హెచ్ఐవీ బయటపడే కేసులు అప్పట్లో ఏటా వెయ్యికి పైగా ఉండేవి. తర్వాతి కాలంలో అవి వందలోపుకు పడిపోయాయి.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర ప్రజలు 2020 నవంబరులో ఓటేసి ఇలాంటి చట్టమే తెచ్చుకున్నారు. దొరికితే 100 డాలర్ల చలానా. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే అదీ మాఫీ. ఫోన్ చేసినవాళ్లు బహు కొద్దిమంది. చికిత్సకు ఇస్తామన్న డబ్బు ఆలస్యమైంది. అదే సమయంలో ఫెంటానిల్ అనే మరీ ప్రాణాంతకమైన మందు వీధుల్లోకి వచ్చిపడింది. జనం విసిగిపోయారు. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నేరం చేశారు.

జైలు తీసేయడం సగం పనే. ఆ స్థానంలో చికిత్స నిలబెట్టాలి. పోర్చుగల్ రెండూ చేసింది. ఒరెగాన్ మొదటిది చేసి రెండోదాంట్లో వెనకబడింది.

4. మన దేశంలో

మనకు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. హెరాయిన్, కొకైన్ వాడితే 27వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. కొద్ది మోతాదు సొంత వాడకాన్ని నేరం కాకుండా చేయాలని 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ సూచించింది. చట్టం అలా మారలేదు.

ఇదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. ఈ కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. మన వాడల్లో ఎంతమందికి ఇది తెలుసు? డబ్బున్న ఇంటి పిల్లాడికి వకీలు దొరుకుతాడు, ప్రైవేటు ఆసుపత్రి దొరుకుతుంది. మన పిల్లాడికి దొరికేది స్టేషన్, వాయిదాలు, పోయిన కూలి, చెదిరిన చదువు.

"మత్తులో కొడుతున్నాడు, వస్తువులు అమ్మేస్తున్నాడు, పోలీసులు తీసుకుపోతే చాలు" అనే తల్లులున్నారు. వాళ్ల బాధ నిజం. కొట్టడం, దొంగతనం ఎప్పటికీ నేరాలే, వాటికి శిక్ష ఉండాలి. వ్యసనానికి మాత్రం వైద్యం ఉండాలి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద లేచినప్పుడు సారా వేలంపాటలను అడ్డుకున్నారు, అమ్మేవాణ్ణి నిలదీశారు. 1993లో సారా నిషేధం వచ్చింది. గురి ఎవరి మీద పెట్టాలో వాళ్లకు తెలుసు.

5. మన పని

విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువును తోటివాళ్లు పట్టించుకోలేదు. వీడు మాకేం చేశాడని వదిలేశారు. బుద్ధుడు ఆనందుడితో కలిసి అతణ్ణి స్వయంగా కడిగి పడుకోబెట్టాడు. మత్తుకు చిక్కిన పిల్లాణ్ణి విహారం గడప తొక్కనివ్వకపోతే మనం ఎవరి పక్షాన ఉన్నట్టు?

మన శీలంలో సడలింపు వద్దు. అమ్మేవాడి మీద దయ వద్దు. చిక్కినవాణ్ణి వదలొద్దు. మత్తు విముక్తికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఆ నంబరు విహారం గోడ మీద రాసిపెట్టండి. జిల్లా ఆసుపత్రిలో మత్తు విముక్తి పడకలు కావాలని అర్జీ పెట్టండి.

చర్చకు ప్రశ్నలు

1. శీలం తప్పినవాడికి, నేరం చేసినవాడికి తేడా ఏమిటి?
2. ఒరెగాన్‌లో జరిగింది మన జిల్లాలో జరగకూడదంటే ముందుగా ఏం ఉండాలి?
3. మన వాడలో చికిత్స కావాల్సిన వ్యక్తి ఉంటే, ఈ వారం అతనితో ఎవరు వెళ్తారు?