ట్యాక్ మార్చగానే గాలి కూడా మారిందంటోందా?

ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కో బేలో మాకో సెయిలింగ్ బోటు ఉంది. ట్యాక్ (తెరచాపకు గాలి తగిలే పక్క) మార్చిన ప్రతిసారీ గాలి దిశ 15 డిగ్రీలు మారినట్టు డిస్‌ప్లే చూపిస్తోంది. సెన్సర్ మార్చాలా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మాస్ట్ కొనన ఉన్న సెన్సర్, కదులుతున్న బోటుకు తగిలే గాలినే కొలుస్తుంది. దానికి బోటు వేగం, కంపాస్ దిశ కలిపి అసలు గాలి ఎటు నుంచో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఏ ఒక్కటి తప్పినా లెక్క తప్పుతుంది. అందుకే ఈ వరుసలో సరిచేయండి.

వేగం: ముందు బోటు అడుగున వేగం కొలిచే లాగ్ ప్యాడిల్ వీల్‌కు పట్టిన పాచి తీసేయండి. ఇంజన్ ఒకే ఆర్‌పీఎంలో ఉంచి, ఒకసారి ఒక దిశలో, వెంటనే సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో నడపండి. బేలో పోటుపాటుల ప్రవాహం బలమైనది. ఒకవైపు పరుగును నమ్మలేం. రెండు పరుగుల సగటు లాగ్‌లో 5.5 నాట్లు, జీపీఎస్‌లో 6 ఉంటే, లాగ్ రీడింగ్‌ను 1.09తో గుణించేలా సెట్ చేయండి.

కంపాస్: నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు మాన్యువల్ చెప్పినట్టు బోటును నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. స్పీకర్లు, ఇనుప సామాను కంపాస్ దగ్గర ఉండకూడదు.

గాలి కోణం: గాలి నిలకడగా ఉన్న రోజు, తెరచాపలు ఒకేలా బిగించి, రెండు ట్యాక్‌ల మీదా గాలికి వీలైనంత ఎదురుగా నడపండి. కుడివైపు 30, ఎడమవైపు 34 చూపిస్తే సెన్సర్ 2 డిగ్రీలు పక్కకు తిరిగి ఉందన్నమాట. రెండువైపులా 32 వచ్చేలా ఆఫ్‌సెట్ ఇవ్వండి.

మార్చిన ప్రతి అంకెనూ లాగ్‌బుక్‌లో రాసుకోండి. మాస్ట్ దించి ఎత్తినప్పుడల్లా గాలి కోణం మళ్లీ చూసుకోవాల్సిందే.