జాబితాలో వరుస సంఖ్య

కంప్యూటరు నుంచి తీసే ప్రతి జాబితాకు ఎడమ వైపున వరుస సంఖ్య గడి ఒకటి వుంటుంది. దీనిని సభ్యత్వ సంఖ్య వంటిదేనని కొన్ని సంఘాలలో అనుకుంటున్నారు. సభ్యత్వ సంఖ్య మనిషిది, మారదు. వరుస సంఖ్య ఆ పూట తీసిన జాబితాది. ఉదయం పాలు పోయడానికి నిలబడిన వరుస సాయంత్రానికి వుండదు కదా!

హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ పాల బూతుల జాబితా తీస్తున్నామనుకుందాం. మొదటి రెండింటి పిన్ కోడు 500020, నారాయణగూడది 500029. పిన్ కోడు క్రమంలో నంబర్లు వేయమంటే నారాయణగూడ బూతులు చివరకు వస్తాయి. అంతవరకు బాగానే వుంది. మరి 500020 బూతులలో ఏది ముందు? మనం చెప్పలేదు గనుక డేటాబేసు తనకు వీలైనట్లు పేరుస్తుంది. ఇప్పుడు 7వ నంబరు వచ్చిన బూతుకు మరోసారి 12 రావచ్చు. అటువంటి జాబితాను పేజీలుగా తీసి కమీషను చెల్లిస్తే, ఒక బూతు రెండు పేజీలలో పడి, వేరొకటి ఎక్కడా పడకపోవచ్చు. మొత్తం వరుసల లెక్క సరిపోతుంది కాబట్టి గుమాస్తాకు అనుమానం రాదు. డబ్బు అందని ఏజెంటు వచ్చి అడిగితేనే బయటపడుతుంది.

అందుచేత పిన్ కోడు తరువాత బూతు కోడును కూడా క్రమంలో చేర్చాలి. బూతు కోడు ఒక్కొక్కరికి ఒక్కటే గనుక తగవు వుండదు. ఇంటి నంబరు పనికిరాదా అంటారేమో. అశోక్ నగర్‌లో ఇంటి నంబర్లు 1-10తో మొదలవుతాయి. వీటిని అక్షరాలుగా దాస్తే 1-10 వచ్చి 1-9 కంటె ముందు కూర్చుంటుంది!

నంబరు వేయడానికి ‘రో నంబర్’ అనే సదుపాయం 2003 నాటి ఎస్.క్యు.ఎల్. ప్రమాణంలో చేరింది. పోస్ట్‌గ్రెస్‌లోకి 2009లో, మై ఎస్.క్యు.ఎల్.లోకి 2018లో వచ్చింది. దానికి ‘ఓవర్’ అని, బ్రాకెట్లలో ‘ఆర్డర్ బై’ క్రమం చెప్పాలి. ‘పార్టిషన్ బై’ పిన్ కోడు అని ముందు చేర్చితే ఒక్కొక్క పిన్ కోడుకు మళ్ళీ 1 నుంచి లెక్క మొదలవుతుంది. ఆరకిల్‌లోని పాత ‘రో నమ్’ వేరు. అది క్రమంలో పేర్చకముందే నంబరు వేసేస్తుంది. రెంటినీ కలపరాదు.

ఇక వేగం. ఏ క్రమంలో నంబర్లు కావాలో ఆ గడుల మీదనే ఇండెక్సు వుంటే, డేటాబేసు అన్నిటినీ తెచ్చి మళ్ళీ పేర్చనక్కరలేదు. పెద్ద జాబితాలో ‘ఆఫ్‌సెట్ 5000’ అంటే మాత్రం ముందున్న 5000 వరుసలను చదివి పారవేసిన తరువాతనే తరువాతి పేజీ వస్తుంది. పేజీలు పెరిగిన కొద్దీ ఆలస్యం పెరుగుతుంది. రిజిస్టరులో నిన్న ఆపినచోట దారం పెట్టుకున్నవాడు మొదటి పేజీ నుంచి తిప్పడు. అదే విధంగా గత పేజీ చివరి వరుసలోని పిన్ కోడు, బూతు కోడు గుర్తుంచుకొని, ఆ జంట తరువాత వచ్చేవి మాత్రమే అడగాలి. అప్పుడు రో నంబర్ 1 నుంచి మొదలవుతుంది. ముందు పేజీలలో అచ్చయిన వరుసల సంఖ్యను దానికి కలిపితే 5001, 5002 సరిగా పడతాయి.