నరాల తొడుగు – కాపలా కణాలు

సీలేరు పిల్లలకు కరెంటు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పవర్‌హౌస్ నుంచి టవర్ల మీద పోయే తీగలకు తొడుగు ఉండదు, పింగాణీ ఇన్సులేటర్లే వాటిని కాస్తాయి. నేను చెప్పబోయేది హాస్టల్ గదిలో స్విచ్చికి వచ్చే వైరు సంగతి. దాని తొడుగు ఊడితే ఏమవుతుందో మీకు తెలుసు. మన నరాల్లో చాలావాటికి అలాంటి తొడుగే ఉంది. దాని పేరు మైలిన్. మెదడులో, వెన్నుపాములో అది అక్కడక్కడా ఊడిపోయే జబ్బు మల్టిపుల్ స్క్లీరోసిస్. 1868లో ఫ్రాన్సు డాక్టరు షార్కో దీన్ని వివరంగా రాశాడు.

పరీక్షల్లో నాడీకణం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాం. దాని చుట్టూ ఉండే గ్లియా కణాలను ఎవరూ అడగరు. గ్లియా అంటే గ్రీకు భాషలో జిగురు. ఒకప్పుడు అవి ఉత్త జిగురే అనుకున్నారు. కానీ మైలిన్ చుట్టేవి వాటిలోని ఒలిగోడెండ్రోసైట్లే. ఆస్ట్రోసైట్లు నాడీకణాలను పోషిస్తాయి. మైక్రోగ్లియా కాపలా తిరుగుతూ చెత్త ఊడుస్తాయి.

ఈ జబ్బులో రక్తంలోని కొన్ని తెల్లకణాలు మెదడులోకి చొరబడి, మైలిన్‌ను శత్రువనుకొని దెబ్బతీస్తాయి. ఇంతవరకు పాత పాఠమే. ఆ అలజడికి మైక్రోగ్లియా రేగి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. వాటిలో మూడు కలిస్తే ఆస్ట్రోసైట్ల తీరే మారిపోతుందని 2017లో అమెరికాలో లిడ్డెలో, బారెస్ బృందం చూపించింది. పోషించాల్సినవే నాడీకణాలనూ, ఒలిగోడెండ్రోసైట్లనూ చంపడం మొదలుపెడతాయి. బయటి తెల్లకణాల దాడి తగ్గినా లోపలి వాపు నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి ఉంటుంది. తెల్లకణాలను ఆపే మందులు జబ్బు ముదిరాక అంతగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. అయితే పాత మైలిన్ ముక్కలను మైక్రోగ్లియా ఊడిస్తేనే కొత్త తొడుగు పడుతుంది. అందుకే వాటిని ఉత్త దోషులనడం నాకు నచ్చదు.

ఇది చలి దేశాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ. మరి ఎందుకు రాస్తున్నానంటే, ఇది ఎక్కువగా 20–40 ఏళ్ల వయసులో, మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువగా మొదలవుతుంది. ఒక కన్ను మసకబారుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మోసమంతా అక్కడే. మన కొండల్లో అయితే చిల్లంగి అంటారు, కోడిని కోస్తారు, తగ్గగానే పేరు గురువుకు పోతుంది. మా నాన్నకు ఈ మాట చెబితే "తగ్గింది కదా, మరి?" అన్నాడు. ఎమ్మెస్సీ చదివి కూడా నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు ఇది: మళ్లీ వచ్చేసరికి తొడుగుతోపాటు లోపలి తీగ కూడా తెగి ఉండొచ్చు. తెగిన తీగ అతకదు.

కన్ను అలా మసకబారితే, తగ్గిపోయినా సరే, విశాఖ కేజీహెచ్‌లో నరాల డాక్టరుకు చూపించి ఎమ్మారై సంగతి అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బు పేరు కూడా ఉంది. సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.