తిన్నది ఒంటికి పట్టకపోతే

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ఎన్నో ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆడవాళ్ళు కూడా వాటిలో పని చేస్తారు. బరువులు మోస్తారు. గంటల తరబడి నిలబడతారు. ఈ పనికి కండబలం కావాలి.

ఒక అక్క ఉందనుకుందాం. కడుపునిండా తింటుంది. అయినా చిక్కిపోతోంది. జాకెట్లు వదులైపోయాయి. దాహం ఎక్కువ. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంది. కాలి పుండు మానడం లేదు. "దిష్టి తగిలింది" అంటారు చుట్టుపక్కలవాళ్ళు. ఇది దిష్టి కాదు. షుగర్ బీమారి కావచ్చు.

కండ ఎందుకు కరుగుతుంది?

మాంసకృత్తులతోనే మన ఒంట్లో కండ తయారవుతుంది. గాయం మానడానికి కూడా అవే కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలలో ఇవి ఉంటాయి.

కడుపు వెనకాల క్లోమం ఉంది. అది ఇన్సులిన్‌ను తయారు చేస్తుంది. ఇన్సులిన్ తాళంచెవి లాంటిది. నెత్తురులోని చక్కెరకు కండ తలుపు తీస్తుంది. ఇన్సులిన్ చాలకపోతే చక్కెర నెత్తురులోనే ఉండిపోతుంది. కండ ఆకలి తీరదు. అప్పుడు ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. పొయ్యిలోకి కట్టెలు లేక ఇంటి వాసాలు పీకినట్టు! కరిగిన కండ నుంచి కాలేయం మళ్ళీ చక్కెర తయారు చేస్తుంది. నెత్తురులో చక్కెర ఇంకా పెరుగుతుంది.

1921లో కెనడా దేశంలో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922లో 14 ఏళ్ళ పిల్లవాడికి మొదటిసారి సూది వేశారు. అంతకుముందు ఇన్సులిన్ తయారుకాని పిల్లలు ఎముకల గూడై చనిపోయేవారు.

మూత్రపిండాలు పైలం!

మూత్రపిండాలు జల్లెడ వంటివి. చెడును బయటికి పంపుతాయి. మాంసకృత్తులను ఆపుతాయి. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువుంటే ఈ జల్లెడ పాడవుతుంది. మాంసకృత్తులు మూత్రంలో పోతాయి. మొదట నొప్పి ఉండదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ముదిరితే కాళ్ళు వాస్తాయి.

ఏం చేయాలి?

సర్కారు దవాఖానకు పోవాలి. నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున 126 గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉంటే మరోసారి పరీక్ష చేసి తేలుస్తారు. ఏడాదికోసారి మూత్ర పరీక్ష కూడా చేయించుకోవాలి. ఒళ్ళు తేలికైందని మందు మానొద్దు.

షుగర్ ఉందని పస్తులుండొద్దు. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. అక్కడ కంది, శనగ పంటల మీద పరిశోధన చేస్తారు. ఈ పప్పులు కండకు బలం. మూత్రపిండాలు దెబ్బతింటే మాత్రం ఎంత పప్పు తినాలో డాక్టరును అడగాలి.

ఆలోచించండి:
1. బాగా తిన్నా మనిషి ఎందుకు చిక్కిపోతుంది?
2. మీ వాడలో మానని పుండుతో ఎవరైనా ఉన్నారా? ఆమెను దవాఖానకు ఎవరు తోలుకపోతారు?