డెల్టా వరిలో శాస్త్ర ప్రగతి మందగించిందా?

శాస్త్ర సాంకేతిక ప్రగతి వేగం తగ్గుతున్నదన్న వాదం ఇటీవల బలపడింది. కంప్యూటర్ చిప్‌ల సామర్థ్యం మునుపటి వేగంతో రెట్టింపు కావాలంటే 1970ల ఆరంభం కంటే 18 రెట్లు అధికంగా పరిశోధకులు అవసరమవుతున్నారని నికొలస్ బ్లూమ్, ఆయన సహ పరిశోధకులు 2020లో ప్రకటించారు. అమెరికాలోని పంటల దిగుబడులలోనూ వారు ఇటువంటి ధోరణినే గుర్తించారు. వసిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్న దిండి పరిసరాలలో ఈ ప్రశ్నను వరి చేను వద్దనే పరీక్షించవచ్చు.

మార్టేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎంటీయూ 7029) వసిష్ఠ, మసూరి రకాల సంకరం. నాలుగు దశాబ్దాలు గడిచినా అది సాగులో నిలిచి ఉన్నది. పాత రకం ఇంతకాలం నిలవడం ప్రగతి ఆగిందనడానికి నిదర్శనంగా తోచవచ్చు. అయితే ఈ కాలంలో పరిశోధన లక్ష్యమే మారింది. దిగుబడిని పెంచడంతో పాటు, ఉన్న దిగుబడిని ఆపదల నుండి కాపాడుకోవడం ముఖ్యమైంది. ఒడిశా నాటు రకం ఎఫ్ఆర్ 13ఎలోని ముంపును తట్టుకొనే సబ్ 1 జన్యువును మార్కర్ల సాయంతో స్వర్ణలో చేర్చగా, స్వర్ణ సబ్ 1 రకం 2009లో మన దేశంలో విడుదలైంది. ముంపు లేని సంవత్సరాలలో ఇది స్వర్ణతో సమానంగానే పండుతుంది. కనుక సగటు దిగుబడి లెక్కలలో దీని మేలు పూర్తిగా కనిపించదు.

ఈ సాంకేతికతకూ హద్దు ఉన్నది. పూర్తిగా మునిగిన పైరు ఎత్తు పెరగక, శక్తిని దాచుకొని, సుమారు రెండు వారాలలోపు నీరు తీస్తే తిరిగి కోలుకొంటుంది. నీరు వారాల తరబడి చేలో నిలిస్తే ఆ గుణం అంతగా అక్కరకు రాదు. కోతకు వచ్చిన పైరు తుఫానుకు పడిపోతే అసలే ఉపకరించదు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర లేమిని, పెరిగిన కూలి ఖర్చులను, మురుగు కాలువల పూడికను కారణాలుగా చూపారు. వీటిలో ఏ ఒక్కటీ వంగడం లోపం కాదు.

కావున విస్తరణ శాస్త్రవేత్త నష్టపోయిన చేనును పరిశీలించినప్పుడు మూడు అంశాలను వేరుగా నమోదు చేయవలెను: తగిన రకం ఇంకా రూపొందలేదా, రూపొందినా విత్తనం అందలేదా, అందినా నీరు బయటకు పోయే దారి లేదా? మొదటిది పరిశోధన స్థానానికి, రెండవది విత్తన వ్యవస్థకు, మూడవది మురుగు పారుదల శాఖకు చేరవలసిన సమస్య. మూడింటినీ కలిపి పరిశోధన మందగించిందని నిర్ధారిస్తే దిగువ గ్రామాల రైతుకు పరిష్కారం మరింత ఆలస్యమవుతుంది.